తుక్కు షాపులో దొరికిన ఆయిల్ ఇంజన్‌ను మళ్లీ నడిపించడం ఎలా

పాత ఆయిల్ ఇంజన్, అంటే డీజిల్‌తో నడిచి నీళ్లు తోడే ఇంజన్, కొనబోయే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఇది కరెంటొచ్చి ఆగిందా, చెడిపోయి ఆగిందా?

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మోట పోయాక బావి గట్టు మీదికి ఆయిల్ ఇంజన్ వచ్చింది. తర్వాత కరెంటు మోటారు వచ్చింది. బావులు ఎండి బోర్లు పడ్డాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు కూడా మొదలయ్యాక ఆ ఇంజన్లను అడిగేవాళ్లే లేరు. కొన్ని పశువుల కొట్టంలో గడ్డి కింద ఉన్నాయి, కొన్ని చింతచెట్టు కింద వానకు తడుస్తున్నాయి, చాలావరకు పాత ఇనుప సామాను షాపుల్లో తూకానికి పోతున్నాయి. కరెంటొచ్చి ఆపేసిన ఇంజన్‌కు పెద్ద రోగమేమీ ఉండదు. తుప్పు వదిలించి, శుభ్రం చేసి, రింగులూ రబ్బర్లూ మారిస్తే లేస్తుంది. చెడిపోయి ఆపిన ఇంజన్‌లో మాత్రం ఆ రోగం ఇరవై ఏళ్లయినా లోపలే ఉంటుంది. అదేంటో తెలుసుకోకుండా హ్యాండిల్ వేస్తే, అప్పటిదాకా బాగున్న భాగం కూడా పోతుంది.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక షాపులో కొత్తగా పచ్చరంగు వేసిన ఇంజన్ చూసి ఆగలేకపోయాను. "తిప్పి చూడన్నా, కంప్రెషన్ ఎట్లుందో" అన్నాడు షాపాయన. హ్యాండిల్ వేసి బలంగా తిప్పాను. లోపల టక్కుమంది. ఇంటికి తెచ్చి రాకర్ కవర్ (వాల్వుల మీది మూత) విప్పితే ఇన్‌లెట్ వాల్వు తుప్పుతో గైడ్‌లో పట్టేసి ఉంది, పుష్ రాడ్ (వాల్వును తెరిచే కడ్డీ) విల్లులా వంగి ఉంది. రంగు గీకితే బ్లాకు మీద జానెడు పాత వెల్డింగ్ బయటపడింది. అందుకే చెబుతున్నాను, షాపులో ఎవరు తిప్పమన్నా తిప్పకండి.

షాపులో చేయాల్సిన పని

వెంట టార్చి, చిన్న అయస్కాంతం, నాలుగైదు పానాలు, ఖాళీ గాజు సీసా, పాత తెల్లగుడ్డ తీసుకెళ్లండి. ముందుగా ఇంజన్ ఏ ఊరి నుంచి వచ్చిందో అడగండి. చాలా షాపులవాళ్లు చెబుతారు, ఫోన్ నంబర్ కూడా ఇప్పిస్తారు. ఆ ఇంట్లో పెద్దాయన ఉంటే ఆయన ఒక్క మాట మెకానిక్ చెప్పే పది మాటల పెట్టు. "కరెంటొచ్చింది బిడ్డా, ఇంక దాంతో పనేముంది" అంటే ధైర్యంగా ముందుకెళ్లండి. "ఆయిల్ బాగా తాగుతుండె" అంటే రింగులు, లైనర్ (పిస్టన్ కదిలే లోగొట్టం) అరిగాయని అర్థం. "నీళ్లు మసిలిపోతుండె" అంటే నీటి దారుల్లో గార పట్టిందో, హెడ్డు (సిలిండర్ పైమూత) పగిలిందో చూడాలి. "కడకడ మోత వచ్చింది" అంటే బేరింగులు పోయాయి, క్రాంక్ (ఫ్లైవీల్‌ను తిప్పే ఇరుసు) కూడా దెబ్బతిని ఉండొచ్చు. ఆ ఒక్క మాటతో ఖర్చు రెండింతలు మూడింతలు అవుతుంది.

తర్వాత పేరు పలక చూడండి. హెచ్‌పీ (ఇంజన్ బలం), ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), ఇంజన్ నంబర్ ఉంటాయి. మన వైపు ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి, రెండు పక్కలా పెద్ద ఫ్లైవీళ్లతో నిదానంగా డుగ్గు డుగ్గుమని నడిచే లిస్టర్ రకం. ఇంగ్లండులోని డర్‌స్లీలో లిస్టర్ కంపెనీ చేసిన ఈ నమూనాలో 6 హెచ్‌పీది 650 ఆర్‌పీఎం మీద నడుస్తుంది. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 114.3 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 139.7 మి.మీ. దీన్ని చూసి రాజ్‌కోట్ వర్క్‌షాపుల్లో చేసినవే మన దగ్గర ఎక్కువ. రెండోది కిర్లోస్కర్ 1500 ఆర్‌పీఎం ఇంజన్. ఏవీ1 అయితే 5 హెచ్‌పీ, బోరు 80, స్ట్రోక్ 110 మి.మీ. టీవీ1 అయితే బోరు 87.5 మి.మీ., స్ట్రోక్ అదే 110. ఈ రెండు రకాలకూ సామాను ఇంకా దొరుకుతుంది. పలక లేదు, చూసిన మెకానిక్ ఎవరూ గుర్తుపట్టలేదు అంటే మాత్రం, మీకు సొంత లేత్ మెషీన్ ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకండి. ఇష్టంతో కొని, ఒక్క గ్యాస్కెట్ దొరక్క మూలన పడేసినవి చాలా చూశాను. ప్రతిసారీ బాధేస్తుంది.

ఫ్లైవీల్ మధ్యలో, ట్యాంకు పక్కన, గ్రీజు పొర కింద పసుపు కుంకుమ మరకలు ఉన్నాయేమో వెతకండి. ఏటా దసరాకు కడిగి బొట్టు పెట్టిన ఇంజన్‌కు ఆయిల్ కూడా వేళకు మార్చి ఉంటారని నా నమ్మకం. ఇప్పటిదాకా ఆ నమ్మకం వమ్ము కాలేదు.

ఇక అయస్కాంతం. బ్లాకు చుట్టూ, హెడ్డు పక్కలా ఆనించుకుంటూ వెళ్లండి. లప్పం పెట్టి రంగేసిన చోట అది పట్టుకోదు. అక్కడ రంగు గీకించి చూడాలి. చలి దేశాల పుస్తకాల్లో, లోపల నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగులుతుందని రాస్తారు. మన దగ్గర ఆ భయం లేదు. ఇక్కడ పగుళ్లు వచ్చేది ఎండాకాలంలో. బావిలో నీళ్లు అడుగంటి ఇంజన్‌కు నీళ్లందక కాలిపోతుంటే, కంగారులో ఎవరో బిందెడు చల్లనీళ్లు మీద గుమ్మరిస్తారు. ఎర్రగా కాగిన పోతపోసిన ఇనుము ఆ దెబ్బకు తట్టుకోదు. అందుకే హెడ్డులో రెండు వాల్వుల మధ్య, బ్లాకులో లైనర్ పైఅంచు దగ్గర ముందు చూడాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. సంపు (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టును పూర్తిగా విప్పకుండా, మెల్లగా వదులు చేసి, కింద గాజు సీసా పట్టండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి, లోపల నీళ్లుంటే ముందు అవే వస్తాయి. సీసాను వెలుతురులో పెట్టి పది నిమిషాలు ఆగండి. కింద నీళ్లు, పైన నల్లటి ఆయిల్ విడివిడిగా నిలిచాయా? అయితే ఇంజన్ ఆగిపోయాక నీళ్లు దిగాయి. చాలాసార్లు మూత లేని సైలెన్సర్ గొట్టంలోంచి పోయిన వాన నీళ్లే అవి. తుప్పు ఉంటుంది కానీ రోగం లేదు. అలా కాకుండా పాలు కలిపిన చాయ్ రంగులో చిక్కగా వచ్చిందా? నీళ్లూ ఆయిలూ కలిసి చిలికినట్టయింది, అంటే నడుస్తుండగానే కలిశాయి. హెడ్డు గ్యాస్కెట్ పోయిందో, లైనర్ కింది రబ్బరు రింగులు పోయాయో, పగులు ఉందో తేలాలి. చివరి బొట్లను తెల్లగుడ్డ మీద పోసి వేలితో రాయండి. ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే బుష్‌లు అరిగాయి. వెండి రంగు రేకులు కనిపిస్తే బేరింగులు లేస్తున్నాయి.

ఇవన్నీ చూశాక కూడా బేరం తూకం ధర మీదే చేయండి. నడిచే ఇంజన్ అని చెప్పి ఎక్కువ అడిగితే, విప్పి చూసేదాకా అది ఇనుమే.

పట్టేసిన ఇంజన్‌ను వదిలించడం

ఇంటికి తెచ్చాక ముందు నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) తీసేయండి, రాకర్ కవర్ విప్పండి. వాల్వుల కాడల మీద డీజిల్ పోసి, చెక్క ముక్క పెట్టి చిన్న సుత్తెతో తట్టండి. నొక్కితే దిగి, స్ప్రింగుతో తిరిగి పైకి లేవాలి. రెండూ లేచేదాకా ఫ్లైవీల్ ముట్టుకోవద్దు.

నాజిల్ రంధ్రం గుండా డీజిల్, కాస్త గేర్ ఆయిల్ కలిపి సిలిండర్‌లో పోయండి. రోజూ చూస్తూ తగ్గితే మళ్లీ పోయండి. వారం, పది రోజులు పట్టొచ్చు. తర్వాత ఫ్లైవీల్‌ను రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపండి. వెంట్రుకవాసి కదిలినా గెలిచినట్టే, రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది. ఫ్లైవీల్ ఆకుల మధ్య గడ్డపార పెట్టి ఎత్తకండి. అది పోత ఇనుము, వంగదు, పగులుతుంది. పగులు కంటికి కనిపించకుండా ఉండిపోయి, నడిచేటప్పుడు చక్రం ముక్కలైతే మనిషి ప్రాణానికే ముప్పు. పది రోజులకూ కదలకపోతే హెడ్డు దించి, పిస్టన్ మీద బోరు సైజుకు కోసిన గట్టి చెక్క దిమ్మ పెట్టి తట్టాలి. ఇనుప సుత్తెతో నేరుగా పిస్టన్‌ను కొట్టారంటే కొత్త పిస్టన్ కొనాల్సిందే.

విప్పడం, కడగడం

ప్రతి బోల్టు విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీయండి. బేరింగు మూతలకు, అవి కూర్చునే చోటుకు సెంటర్ పంచితో చుక్కలు పెట్టండి, ఏ వైపు ఉన్నది ఆ వైపే రావాలి. షిమ్ములను (సందు సరిచేసే పలచటి రేకులను) ఎక్కడివక్కడ విడివిడి కవర్లలో వేసి పేరు రాయండి. నెల తర్వాత బిగించేటప్పుడు జ్ఞాపకం పనిచేయదు.

నీటి దారుల దగ్గర మన ప్రాంతంవాళ్లు ఆగి చూడాలి. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. ఇంజన్‌కు మాత్రం ఆ నీళ్లలోని సున్నమే పెద్ద శత్రువు. బావి నీళ్లు నేరుగా ఇంజన్‌లోంచి పారించిన చోట లైనర్ వెనక సున్నపు గార వేలి మందాన పేరుకుని ఉంటుంది. అంత మందం ఉంటే లోపలి వేడి బయటి నీళ్లదాకా చేరదు, పిస్టన్ పట్టేస్తుంది. "నీళ్లు బాగానే పోతున్నయి, అయినా వేడెక్కుతుంది" అని పెద్దలు చెప్పే ఇంజన్ల కథ చాలావరకు ఇదే. గారను ఉలితో కొట్టకండి. లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి నింపి, ఒక రాత్రి ఉంచండి. బుస్సుమని పొంగుతుంది. పొంగు ఆగాక పారబోసి, మళ్లీ నింపండి. తెల్లటి మడ్డి రావడం ఆగేదాకా రెండు మూడు సార్లు చేసి, చివరికి తినే సోడా కలిపిన నీళ్లతో కడిగేయండి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వాడితే గారతో పాటు ఇనుమూ పోతుంది.

పగుళ్లు వెతకడానికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. హెడ్డును పొడిగా తుడిచి, అనుమానం ఉన్న చోట పలచగా డీజిల్ రాసి అరగంట ఆగండి. శుభ్రంగా తుడిచేసి, మెత్తటి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాక్కున్న డీజిల్ మెల్లగా పైకి వచ్చి, తెల్లటి పొడి మీద సన్నటి చీకటి గీత గీస్తుంది. మొదటిసారి ఆ గీత నా కళ్ల ముందే, రెండు వాల్వుల మధ్య, వెంట్రుకలా పాకుతూ రావడం చూసి కదలకుండా కూర్చుండిపోయాను. కనెక్టింగ్ రాడ్‌ను తాడుతో వేలాడదీసి పానాతో తట్టి చూడండి. కుమ్మరి దగ్గర కుండను వేలితో కొట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టే.

కొలతలు

ఇక్కడ కంటిని నమ్మొద్దు. లైనర్‌ను పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతి చోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. బోర్ గేజ్ మీ దగ్గర లేకపోతే లేత్ షాపులో కొలిపించండి. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష రింగుది. పాత రింగును లైనర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి తోసి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచటి రేకుల కట్టతో) చూడండి. సుమారుగా ప్రతి 100 మి.మీ. బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. పైన ఒక సందు, కింద ఒక సందు వస్తే లైనర్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగింది. అలాంటప్పుడు రింగులు మాత్రమే మార్చి డబ్బు మిగిలిందనుకోవద్దు, ఆరు నెలల్లో మళ్లీ ఆయిల్ తాగుతుంది. లైనర్, పిస్టన్ కలిపి సెట్టుగా మార్చండి.

క్రాంక్‌ను మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా కొలవండి. కోలుగా అయి ఉంటే గ్రైండింగ్ చేయించి 0.25 లేదా 0.50 మి.మీ. అండర్‌సైజు (తరిగిన క్రాంక్‌కు సరిపోయే) బేరింగులు వేసుకోవాలి. ముందు బేరింగులు దొరుకుతాయో లేదో చూసుకుని, తర్వాతే క్రాంక్ గ్రైండింగ్‌కు ఇవ్వండి.

వాల్వులు పేస్టుతో రుద్దాక, హెడ్డు తలకిందులు చేసి పోర్టుల్లో డీజిల్ పోసి పావుగంట ఉంచండి. సీటు (వాల్వు కూర్చునే చోటు) దగ్గర చెమ్మ రాకూడదు.

పంపు, నాజిల్

డీజిల్ ఇంజన్‌కు గుండె ఇదే. డీజిల్ పంపులోని ప్లంజర్ (లోపల కదిలే కడ్డీ), బ్యారెల్ (దాని గొట్టం) ఒకదానితో ఒకటి రుద్ది జత చేసినవి. ఒక పంపుది ఇంకో పంపులో వేయకూడదు, చెమట చేత్తో ముట్టుకుని వదిలేయకూడదు. పాతవాళ్లు ఇంకా మైకో పంపు అనే అంటారు, బాష్ కంపెనీ ఒకప్పటి పేరు అది. ప్లంజర్ తుప్పు పట్టి ఉంటే ఇంట్లో పోరాడకండి, డీజిల్ పంపు షాపులో ఇవ్వండి. నాజిల్ కూడా టెస్టర్ మీద పెట్టించండి. కిర్లోస్కర్ ఇంజన్‌లో నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకోవాలి, కారకుండా, మంచు తుంపరలా చిమ్మాలి.

ఆ తుంపర ముందు వేలు పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి రావొచ్చు. అలా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టర్‌కు చెప్పాలి.

టైమింగ్ (డీజిల్ చిమ్మే వేళ) సరిచూడడానికి లెక్క తేలికే. ఫ్లైవీల్ చుట్టుకొలత టేపుతో కొలిచి 360తో భాగించండి. 1800 మి.మీ. వస్తే ఒక్కో డిగ్రీ 5 మి.మీ. మాన్యువల్‌లో 23 డిగ్రీలు అని ఉంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన గుర్తుకు 115 మి.మీ. ముందు సుద్దగీత పెట్టాలి. పంపు డెలివరీ వాల్వు తీసి, ఫ్లైవీల్‌ను నడిచే దిశలో మెల్లగా తిప్పుతూ డీజిల్ ఊరడం ఎక్కడ ఆగుతుందో చూడండి. గీత దగ్గరే ఆగాలి. ముందో వెనకో ఆగితే, పంపు కింది షిమ్ములతో సరిచేయాలి.

బిగించడం

ప్రతి భాగానికీ ఆయిల్ రాసి బిగించండి. హెడ్డు నట్లు ఎదురెదురువి, మూడు విడతలుగా, టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో). పెద్ద బేరింగు స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయండి, పాతవి సాగదీసి మళ్లీ పెట్టకండి. హెడ్డుకూ పిస్టన్‌కూ మధ్య సందు తెలియాలంటే, నాజిల్ పెట్టక ముందు ఆ రంధ్రంలోంచి కానీ, హెడ్డు బిగించే ముందు పిస్టన్ మీద కానీ మెత్తటి సోల్డర్ తీగ ముక్క పెట్టి చేత్తో ఒక చుట్టు తిప్పండి. నలిగిన తీగ మందమే ఆ సందు. మాన్యువల్ చెప్పిన దానికి సరిపోకపోతే గ్యాస్కెట్ మందం మార్చాలి.

గవర్నర్ (వేగాన్ని అదుపు చేసేది) లింకులు, పంపు ర్యాక్ (ఎంత డీజిల్ పోవాలో మార్చే కడ్డీ) నూనె రాసినట్టు జారుతున్నాయా? ఇది చూడకుండా స్టార్ట్ చేయకండి. ర్యాక్ ఇరుక్కుంటే ఇంజన్ పరుగందుకుంటుంది, ఆగదు.

మొదటిసారి స్టార్ట్ చేయడం

ఆరుబయట, కాంక్రీటు దిమ్మకో బరువైన చట్రానికో బోల్టులేసి నిలపండి. పిల్లలను దూరంగా ఉంచండి. లుంగీ, భుజం మీద తువ్వాలు వద్దు. బెల్టులో చిక్కితే మనిషినే లాగేస్తుంది. గాలి పీల్చే గొట్టం మూతికి సరిపోయే చెక్కపలక, దాని మీద పాత ట్యూబు రబ్బరు అతికించి, చేతికందేలా పెట్టుకోండి. ఇంజన్ అదుపు తప్పితే దాన్ని గొట్టం మూతికి నొక్కాలి. గాలి లేకపోతే ఎంత డీజిల్ ఉన్నా ఆగుతుంది. గుడ్డ అడ్డం పెట్టొద్దు, లోపలికి లాక్కుంటుంది. అరచెయ్యి అసలే వద్దు.

నీళ్లకు 200 లీటర్ల డ్రమ్ము చాలు. ఇంజన్ కన్నా ఎత్తులో పెట్టి, అడుగు నుంచి ఒక గొట్టం ఇంజన్ కిందికి, ఇంజన్ పై నుంచి ఒక గొట్టం డ్రమ్ము పైభాగానికి ఇవ్వండి. వేడినీళ్లు వాటంతటవే పైకెక్కి, చల్లవి కిందికి దిగుతాయి. వాన నీళ్లు పట్టి పోస్తే గార బెడద ఉండదు.

డీజిల్ పైపు నట్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా పంపు కొట్టి బిగించండి. తర్వాత ఫ్లైవీల్ మెల్లగా తిప్పితే నాజిల్ కిర్రుమనాలి. ఆ చప్పుడు వినిపించిందంటే డీజిల్ అందుతోందన్నమాట. డీకంప్రెషన్ లివర్ (తిప్పడం తేలికయ్యేలా సిలిండర్ ఒత్తిడి వదిలే మీట) ఎత్తి, బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉండేలా హ్యాండిల్ పట్టుకుని, వేగం అందాక లివర్ వదలండి.

మొదటి పొగ తెల్లగా రావడం మామూలే. వేడెక్కాక కూడా తెల్లగానే ఉంటే డీజిల్ సరిగా కాలడం లేదు, టైమింగ్, కంప్రెషన్ మళ్లీ చూడండి. నీలం వస్తే ఆయిల్ కాలుతోంది. లోడు లేకుండానే నల్లగా వస్తే తప్పు నాజిల్‌ది. పది నిమిషాలకు ఆపి, బేరింగు మూతలు చేత్తో తాకండి. చెయ్యి ఆన్చలేనంత వేడి ఉంటే విప్పాల్సిందే.

తర్వాత ఉత్తగా గంటలు గంటలు తిప్పకండి. కొత్త రింగులు లోడు మీదే సర్దుకుంటాయి. చిన్న పంపో, గడ్డి కోసే మిషనో తగిలించి, మొదట సగం లోడుతో నడపండి. చల్లారాక హెడ్డు నట్లు మరోసారి టార్క్ చూడండి. 25 గంటలకు ఆయిల్ దించి, అదే గాజు సీసాలో పట్టి, అయస్కాంతం ముంచి తీయండి. సన్నటి నల్ల నలుసు అంటుకుంటే పర్వాలేదు. రేకులు అంటుకుంటే కొత్త ఆయిల్ పోయకముందే బేరింగు మూత విప్పండి.